ఆరోవంతులు అయిదు

మా జిల్లాలో ఒక విద్యా సంవత్సరంలో అయిదు ఆరోవంతులు కలిస్తే ఒకటి అయింది. సగం అంటే రెండున్నర ఆరోవంతులు. మాస్టర్లంటే గిట్టనివాళ్లు పుట్టించిన పుకారు అనుకునేరు. అధికారికంగానే జరిగింది, బడులన్నింటిలోనూ జరిగింది, పరీక్షల్లో దానికి మార్కులు కూడా వేశాం. ఇంత పెద్ద పని ఒక్కడి వల్ల అయ్యేది కాదు గానీ, మూలపురుషుడంటూ ఎవరినో ఒకరిని చూపించాల్సి వస్తే నన్నే చూపించాలి. దొమ్మేటి కాశీవిశ్వనాథం, సెకండరీ గ్రేడు ఉపాధ్యాయుడు, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, కొత్తలంకపాలెం. ఈ వివరాలు ఇప్పుడు పొగరుకొద్దీ ఇవ్వడం లేదు. అప్పట్లో పొగరుకొద్దీ ఇచ్చేవాణ్ణి, నోటికి ఆ అలవాటు ఇంకా పోలేదు.

అయిదో తరగతికి సమాన భిన్నాలు నేను ఏళ్ల తరబడి చెప్పాను. పైనా కిందా ఒకే అంకెతో గుణించండర్రా అంటే పిల్లలు గుణించేవారు. ఎందుకు గుణించాలని వాళ్లు అడిగేవారు కాదు, నేను చెప్పేవాణ్ణి కాదు, ఇరుపక్షాలకూ ప్రశాంతంగా ఉండేది. ఆ ప్రశాంతతను చెడగొట్టింది నాగవేణి. రొయ్యల షెడ్డులో పనిచేసే మంగ కూతురు. రెండో బెంచీలో కూర్చుని, నేను బోర్డు మీద ఏది రాసినా అది నిజంగా అవునా కాదా అన్నట్టు చూసే పిల్ల. అలా చూసే పిల్లలు తరగతికి ఒకరుంటే చాలు, మాస్టారికి సాయంత్రానికి తలనొప్పి వస్తుంది.

సగమూ మూడు ఆరోవంతులూ ఒకటేనని నేను చెప్పిన రోజున ఆ పిల్ల లేచి నిలబడింది. మూడూ ఆరూ పెద్ద అంకెలు కదా, ఒకటీ రెండూ చిన్నవి కదా, ఒకటే ఎలా అవుతాయని అడిగింది. గుణిస్తే వస్తుందన్నాను. గుణిస్తే పెద్దవి అవుతాయి గానీ సమానం ఎలా అవుతాయంది. నేను గంట కొట్టడానికి ఇంకా టైముందని చూసి కూడా, బయటికి వెళ్లి నేనే గంట కొట్టేశాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి మా ఆవిడ రాజ్యం చీరల పెట్టెలు రెండు ఖాళీ చేశాను. అట్టలు కత్తిరించి ఒక గుండ్రటి పళ్లెం చేశాను. అందులో సరిగ్గా పట్టేలా సగాలు రెండు, మూడోవంతులు మూడు, పావులు నాలుగు, ఆరోవంతులు ఆరు కోసి, ఒక్కొక్క దాని మీద స్కెచ్ పెన్నుతో దాని అంకె రాశాను. ఆట పేరు ఏమీ లేదు. పళ్లెంలో ఒక సగం ముక్క పెట్టి, దాని మీద వేరే ముక్కలు పేర్చాలి. ఖాళీ మిగలకూడదు, అంచు దాటి బయటికి రాకూడదు. అంతే.

మర్నాడు పిల్లలు ఆ ముక్కల మీద పడ్డారు. నాగవేణి సగం ముక్క మీద రెండు పావులు పేర్చింది, తీసేసింది. మూడు ఆరోవంతులు పేర్చింది. అంచు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పి చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "ముక్కలు పెరిగినాయి గానీ చోటు పెరగలేదండీ" అంది.

ఇన్నేళ్లలో సమాన భిన్నం గురించి నేను విన్న పాఠాల్లో అంత మంచిది ఇంకొకటి లేదు. అప్పుడు నాకు కలిగిన సంతోషం అబద్ధం కాదు. తర్వాత జరిగిన వెధవ పనులన్నీ రాయబోతున్నాను కాబట్టి, ఆ ఒక్క ఉదయం నేను మాస్టారుగా ఉన్నానని ముందే చెప్పుకోనివ్వండి.

ఆ వారంలోనే మా మండల విద్యాధికారి సత్తిరాజు గారు బడికి వచ్చారు. మరుగుదొడ్ల తలుపులు ఫొటో తీసుకోవడానికి వచ్చారు. తలుపులు లేకపోవడంతో ఫొటోకి వేరే ఏదైనా కావాల్సి వచ్చి మా తరగతిలోకి తొంగి చూశారు. పిల్లలు నేల మీద కూర్చుని అట్టముక్కలు పేరుస్తుంటే ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇది కృత్యాధార బోధన కదయ్యా" అన్నారు. అవునేమోనండి అన్నాను. అంతవరకూ నేను చేస్తున్నదానికి ఒక పేరుందని నాకు తెలియదు. పేరుందని తెలిశాక నా నడకే మారిపోయింది.

జిల్లా కేంద్రంలో గణిత మేళా పెట్టినప్పుడు సత్తిరాజు గారు నన్ను తీసుకువెళ్లారు. నాకు ఒక స్టాలు ఇచ్చారు. స్టాలంటే ఒక టేబులు, వెనక ఒక గుడ్డ. టేబులు ఒక కాలు పొట్టిది. ఎవరు చెయ్యి వేసినా ఊగి నా ముక్కలన్నీ జారిపోతున్నాయి. చూసి చూసి, ఒక ఆరోవంతు ముక్కను మడతపెట్టి ఆ పొట్టికాలి కింద దోపాను. టేబులు నిలబడింది. అంతకంటే తెలివైన పని ఆ రోజు మేళాలో ఎవరూ చేయలేదని నాలో నేను మెచ్చుకున్నాను.

సరిగ్గా అప్పుడే జిల్లా సమన్వయాధికారి పరాంకుశం గారు పరివారంతో సహా వచ్చేశారు. ఆయన మాట్లాడితే ఎదురుగా మనిషి ఒక్కడే ఉన్నా సభలో మాట్లాడినట్టే ఉంటుంది. సగం మీద రెండు పావులు పేర్చి చూపించాను. ఆయన కళ్లు మూసుకుని, ముక్కను చేత్తో తడిమి, "శతాబ్దాలుగా సుద్దముక్కకు బందీ అయిన భిన్నం ఈనాడు విద్యార్థి హస్తగతమైంది" అన్నారు. పక్కనున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, నా గురించేనని ఆలస్యంగా తెలిసింది. వెంటనే ఆయన మనిషి నా పళ్లేన్నీ ముక్కల్నీ ఒక సంచిలో వేసుకున్నాడు. జిల్లా అంతటికీ కిట్లు చేయిస్తాం, ఇది నమూనా అన్నారు.

టేబులు కాలి కింద ముక్క సంగతి నాకు బస్సులో గుర్తొచ్చింది. ఫోను తీశాను. మళ్లీ జేబులో పెట్టేశాను. ముక్క మీద ఆరోవంతు అని రాసి ఉంది, సంచిలో అయిదే ఉన్నాయి, జిల్లా ఆఫీసులో ఆ మాత్రం లెక్క తెలిసినవాళ్లు ఉండకపోతారా అనుకున్నాను. శాఖ మీద నాకున్న నమ్మకం అలాంటిది. పైగా అంత పెద్దాయనకు ఫోను చేసి, అయ్యా మీరు పట్టుకెళ్లిన వాటిలో ఒకటి టేబులు కింద ఉందండి అంటే, బందీ అయిన భిన్నం ఏమవుతుంది?

కిట్లు వచ్చాయి. రంగురంగుల ఫోము ముక్కలు, గట్టి పెట్టె, మూత మీద "భిన్నజ్యోతి" అని బంగారు రంగు అక్షరాలు, వాటి కింద రూపకల్పన అని నా పేరు. ఆ మూతను ఇంటికి తీసుకెళ్లి రాజ్యానికి చూపించాను. తన చీరల పెట్టెల పేరు కూడా వేయించాల్సింది అంది. వేళాకోళాన్ని పట్టించుకునే స్థితిలో నేను లేను. ఆ మూతను టీవీ పక్కన నిలబెట్టాను.

మర్నాడు బళ్లో ముక్కలు తీశాను. ఆరోవంతులు అయిదు. అయిదూ పళ్లెంలో పెడితే పళ్లెం చక్కగా నిండిపోయింది. ఎక్కడా గీతంత సందు కూడా లేదు. కాసేపటికి విషయం అర్థమైంది. నమూనాలో ఉన్నవి అయిదు. నమూనా పళ్లెం వెనక నా చేతిరాతతో ఒక నియమం కూడా ఉంది: ఒక రకం ముక్కలన్నీ కలిపితే పళ్లెం ఖాళీ లేకుండా నిండాలి. కిట్టు చేసినవాడు చాలా నిజాయితీపరుడు. అయిదూ అయిదుగానే ఉంచాడు, నియమమూ తప్పలేదు, ఒక్కొక్క ముక్కనూ కాస్త కాస్త సాగదీశాడు. మీద మాత్రం ఆరోవంతు అనే అచ్చు వేశాడు.

నాగవేణి సగం మీద మూడు ఆరోవంతులు పేర్చింది. మూడోది అంచు దాటి బయటికి వచ్చింది. తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ వచ్చింది. "ఇయ్యి పెద్దయిపోయినాయండీ" అంది. అట్టముక్కలు బాగుండేవి, అవేమయ్యాయని అడిగింది. అవి జిల్లాకు వెళ్లాయన్నాను.

మా హెడ్మిస్ట్రెస్ భ్రమరాంబ గారు చూసి, అయిదు ముక్కల మీదా ఆరు కొట్టేసి అయిదు అని రాసేస్తే సరిపోతుంది కదా అన్నారు. ఆవిడ ఎప్పుడూ ఇంతే, సమస్యను సమస్యగా గౌరవించరు. అయినా అదే మాట సత్తిరాజు గారికి చేరవేశాను. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేయించి, ప్రభుత్వ బోధనోపకరణం మీద గీతలు పెట్టడమంటే ఏమిటో తెలుసా అని అడిగారు. ఆ కిట్టును సాంకేతిక సంఘం పరిశీలించింది, నాణ్యతా సంఘం ఆమోదించింది, రెండు సంఘాలవాళ్లూ ముక్కలు పళ్లెంలో నింపి చూశారు, నిండింది, ఇంక తప్పెక్కడుంది అన్నారు. ఆరోవంతులు ఆరు ఉండాలి కదండీ అన్నాను. "అది పాత అభిప్రాయం కాశీ గారూ" అన్నారు.

అయినా ఆయన మంచిమనిషి కాబట్టి పైకి వివరణ కోరారు. వివరణ వచ్చింది. అందులో ఒక్క వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు: "క్షేత్రస్థాయిలో గమనింపబడిన వ్యత్యాసము కిట్టునకు సంబంధించినది కాక పాఠ్యపుస్తకమునకు సంబంధించినదిగా భావించవలెను, ఏలయనగా కృత్యాధార బోధనయందు వస్తువే ప్రమాణము, పుస్తకము అనుబంధము మాత్రమే." అంటే పుస్తకంలో ఆరు అని ఉండటం బట్టీ విధానపు అవశేషం. పిల్లవాడి చేతికి తెలిసిందే జ్ఞానం. చేతికి అయిదు తెలుస్తోంది కాబట్టి అయిదే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ కాగితం చదివి నేను కోపంతో ఊగిపోవాల్సింది. ఊగాను కూడా, సాయంత్రం దాకా. సాయంత్రం సత్తిరాజు గారు ఫోను చేసి, జిల్లా స్థాయి శిక్షణకు ముఖ్య వనరు వ్యక్తిగా నన్ను వేశారని చెప్పారు. కోపం ఎటు పోయిందో నాకు తెలియదు. నేను వెతకలేదు.

శిక్షణలో నాకు ఎత్తు కుర్చీ, మైకు, గ్లాసు నిండా నీళ్లు పెట్టారు. జిల్లాలోని మాస్టర్లు వంతులవారీగా వచ్చి నా ముందు కూర్చున్నారు. అయిదు ఆరోవంతులు ఒకటి అని నేను చెబితే వాళ్లు రాసుకున్నారు. మొదటిరోజు ఆ మాట చెప్పబోయి గ్లాసులో నీళ్లు సగం తాగాను. దగ్గి, కిట్టు ప్రకారం అనే మాట ముందు చేర్చాను. నా ఆత్మగౌరవం ఆ రెండు మాటల మీద కొన్నాళ్లు బతికింది. తర్వాత టైము చాలక అవి కూడా తీసేశాను. ఒక పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గరున్న మాస్టారు, లేచి మరి ఆరో ఆరోవంతు సంగతేమిటని అడిగారు. హాలంతా పెన్నులు ఆపి నా వైపు చూసింది. అది పై తరగతుల అంశం అన్నాను. అందరూ ఊపిరి పీల్చుకుని అది కూడా రాసుకున్నారు.

శిక్షణ ముగింపు సభలో పరాంకుశం గారు పళ్లెం ఆకారంలో కేకు తెప్పించారు. భిన్నజ్యోతి స్ఫూర్తితో దాన్ని ఆరోవంతులుగా కోసి వేదిక మీది ఆరుగురు పెద్దలకూ పంచాలని సంకల్పం. కిట్టులోని ముక్క పక్కన పెట్టుకుని, ఆ కొలతకే కోశారు. అయిదుగురికి వచ్చింది. ఆరో కుర్చీ ముందు సత్తిరాజు గారు ఖాళీ ప్లేటు పట్టుకుని నిలబడ్డారు. కొంచెం సేపటికి ఆయనే ప్లేటులోంచి చెంచాతో ఏమీ లేనిదాన్ని తీసి నోట్లో పెట్టుకుని, బాగుందన్నారు. ఫొటో కూడా తీశారు. ఆ రోజు ఆయన మీద నవ్వు వచ్చింది నాకు. నేను రోజూ చేస్తున్నది అదేనని తోచలేదు.

ఒకసారి మొదలయ్యాక ఆరోవంతు అక్కడితో ఆగలేదు. సగం మీద రెండు ముక్కలు పెట్టాక కొంత ఖాళీ మిగులుతోందని కొందరు మాస్టర్లు మొరపెట్టుకుంటే, అర ఆరోవంతు ముక్కలతో అనుబంధ కిట్టు పంపారు. మూడోవంతు మీద పేర్చడానికి ఏ ముక్కా సరిపోక, మూడోవంతును ఆ ఏడాదికి వాయిదా వేశారు. అర్ధ సంవత్సర పరీక్షలో సగం ఎన్ని ఆరోవంతులకు సమానం అని అడిగి, జవాబుల పత్రంలో రెండున్నర ఇచ్చారు. మూడు అని రాసిన పిల్లలకు మార్కు లేదు. వాళ్లు తరగతిలో ముక్కలు ముట్టుకోకుండా ఇంట్లో అన్నల దగ్గర నేర్చుకుని ఉంటారని, అలాంటివాళ్లకు ప్రత్యేక శ్రద్ధ అవసరమని ఒక సూచన కూడా వచ్చింది. మా తరగతిలో ఆ ప్రత్యేక శ్రద్ధ జాబితాలో మొదటి పేరు నాగవేణిది.

ఆ పేపరు తీసుకుని నాగవేణి నా టేబులు దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. మూడు అనే కదా మీరు మొదట చెప్పారు అంది. ఇప్పుడు రెండున్నర అన్నాను. చోటు పెరగకుండా ఎలా మారిందని అడిగింది. ఆ ప్రశ్నకు సమాధానం నాకు తెలుసు. సమాధానం టేబులు కాలి కింద ఉంది. పెద్దవాళ్లు ఆలోచించి పెట్టార్లే, వెళ్లి కూర్చో అన్నాను. వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత తరగతిలో రెండున్నర అనే రాసేది, మార్కు వచ్చేది, నేను బోర్డు మీద రాసేదాని వైపు మునుపటిలా చూడటం మానేసింది. నాకు తలనొప్పి తగ్గింది.

సంక్షేమ గురుకులం ప్రవేశ పరీక్ష ఉందని నేనే వాళ్ల అమ్మకు చెప్పాను. అది మా జిల్లాది కాదు, రాష్ట్రం మొత్తానికి ఒకటే పేపరు. మంగ షెడ్డు నుంచి సరాసరి బడికి వచ్చింది. చేతులు ఐసు నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి, లోపలికి రమ్మన్నా వాసనొస్తుందని గుమ్మంలోనే నిలబడింది. పెద్దపిల్లను అయిదుతో ఆపేసిన సంగతి చెప్పింది. హైస్కూలు కాలవ అవతల, రావడానికీ పోవడానికీ తోడు లేదు, తను తెల్లారకముందే షెడ్డుకు పోవాలి. "దీనికి సీటొస్తే చదువుద్దండి మాస్టారండీ. లేపోతే అక్కలాగే నాతో షెడ్డుకొచ్చేస్తాది. మీరున్నారని ధైర్యంగా ఉన్నాను" అంది.

నేనున్నాను. ఇంగ్లీషు, తెలుగు, పరిసరాలు అన్నీ సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పాను. ఆ పిల్ల అన్నీ పట్టేసింది. ఒక సాయంత్రం లెక్కల్లో భిన్నాలు వచ్చాయి. నాగవేణి పుస్తకం మూసి, మామూలుగానే అడిగింది.

"ఆ పరీచ్చలో ఏ ఆరోవంతు రాయాలండీ? పుస్తకందా, పెట్టెదా?"

వరండాలో మేమిద్దరమే. భ్రమరాంబ గారు కూడా ఇంటికి వెళ్లిపోయారు. పుస్తకంది అనే ఒక్క మాట చెబితే అయిపోయేది. కానీ ఆ వారంలోనే రాష్ట్ర బృందం మా బడికి రాబోతోంది. భిన్నజ్యోతిని రాష్ట్రమంతటికీ విస్తరించాలా అని చూడటానికి. ఎదుట నిలబడి ముక్కలు పేర్చి చూపించే పిల్లగా నాగవేణిని నేనే ఎంపిక చేశాను. ఇప్పుడు పెట్టె తప్పు అని దీనికి చెబితే, రేపు ఆ పెద్దల ముందు మా మాస్టారు పెట్టె తప్పన్నారండీ అంటే? నాకు రాష్ట్ర స్థాయి సన్మానం ఉందని సత్తిరాజు గారు అప్పటికే చెవిలో వేశారు. పట్టుపంచె కూడా ఇస్త్రీకి ఇచ్చాను.

"అడిగేవాళ్లెవరో చూసుకుని రాయాలమ్మా" అన్నాను. తెలివైన జవాబు చెప్పానని కూడా అనిపించింది. అటు అబద్ధమూ కాదు, ఇటు నష్టమూ లేదు. నాగవేణి తల ఊపి పుస్తకం తెరిచింది.

రాష్ట్ర బృందం వచ్చింది. బడికి సున్నం వేశారు, మరుగుదొడ్లకు తలుపులు వచ్చాయి, ఆ రోజుకు. పరాంకుశం గారు ముందు నిలబడి, పరికరమే గురువు, గురువు పరికరానికి సహాయకుడు అని చెప్పారు. ఆయన పక్కనే సహాయకుడిగా నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. నాగవేణి పళ్లెం ముందు కూర్చుంది. సగం ముక్క పెట్టి, మీద రెండు ఆరోవంతులు పెట్టి, పక్కన ఒక అర ఆరోవంతు పెట్టింది. సరిగ్గా సరిపోయింది. బృందం నాయకురాలు వంగి చూసి, చాలా బాగుంది, మరి సగం రెండున్నర ఆరోవంతులని నీకు ఎలా తెలిసిందమ్మా అని ఆప్యాయంగా అడిగింది.

నాగవేణి నా ముఖం వైపు చూసింది. మొదటి రోజున, బోర్డు మీద రాసినదాని వైపు చూసేదే, అలా చూసింది. నిజంగా అవునా అన్నట్టు. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు.

నేను తల ఊపాను.

పిల్ల ఆవిడ వైపు తిరిగి, మా మాస్టారు చెప్పారండీ అంది. చప్పట్లు మోగాయి. నాకు శాలువా కప్పారు. ఎండాకాలం శాలువా, చెమట పట్టింది, తీయబుద్ధి కాలేదు.

ఆ ఆదివారమే ప్రవేశ పరీక్ష. మంగ ఆ పూట పని మానుకుని పిల్లను బస్సులో తీసుకెళ్లింది. బాగా రాశానని చెప్పిందట. నేను కూడా నిశ్చింతగా ఉన్నాను. వేసవి సెలవుల్లో ఫలితాలు వచ్చాయి. మా మండలంలో మూడు సీట్లు వచ్చాయి, నాగవేణికి రాలేదు. ఒక్క మార్కు తక్కువైందని నెట్ సెంటరతను చెప్పాడు. ప్రశ్నపత్రం తెప్పించుకుని చూశాను. లెక్కల్లో మొదటి ప్రశ్న, నీళ్లు తాగినంత తేలిక: సగం ఎన్ని ఆరోవంతులకు సమానం, గడిలో అంకె రాయుము.

ఆ గడిలో నాగవేణి ఏ అంకె రాసి ఉంటుందో అడగక్కర్లేకపోయింది. సైకిలు తీసి రొయ్యల షెడ్డుకు వెళ్లాను.

షెడ్డులో పొడుగాటి బల్లలకు రెండు వైపులా ఆడవాళ్లు నిలబడి రొయ్యలు ఒలుస్తున్నారు. నేలంతా తడి. ఆ వాసనకు గుమ్మంలో ఆగాల్సింది ఈసారి నేను. మంగ నన్ను చూసి కంగారుగా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సీటు రాకపోతే పోన్లెండి, మీరు చాలా కష్టపడ్డారు, దాని రాత అంది. నన్ను ఓదార్చడానికి కూల్‌డ్రింకు తెప్పించబోయింది. వద్దని, నాగవేణి ఎక్కడని అడిగాను.

బల్ల చివర, ఎత్తు చాలక ఒక ప్లాస్టిక్ క్రేటు బోర్లించి దాని మీద నిలబడి ఉంది. పక్కన అక్క. సెలవులకే కదా అని మంగ అంది, నేను అడగకుండానే. తర్వాత తల దించుకుంది.

నేను దగ్గరికి వెళ్లి చెప్పాను. సగం అంటే మూడు ఆరోవంతులేనని, పెట్టె తప్పని, అది తప్పని నాకు మొదటి రోజు నుంచీ తెలుసని చెప్పాను. ఇన్ని రోజులు ఎవరి ముందూ అనని మాట రొయ్యల బల్ల ముందు ఆడవాళ్లందరూ వింటుండగా అన్నాను. పెద్ద త్యాగం చేసినట్టు అనిపించింది.

"నాకూ తెలుసండీ" అంది నాగవేణి. "చోటు పెరగలేదు గదండీ."

"మరి పరీక్షలో రెండున్నర ఎందుకు రాశావమ్మా?"

ఆ పిల్ల చేతులు ఆగలేదు. రొయ్య తల తుంచి ఒక పక్కకు వేసింది, పొట్టు లాగి ఒక పక్కకు వేసింది. నేను బడిలో ఎన్నడూ చూడనంత ఓపికగా, నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"అడిగేవాళ్లెవరో చూసి రాయమన్నారు గదండీ. చూశానండి. అడిగింది మాస్టార్లే."